రెండు పేర్ల సాక్షి

1983 ఫిబ్రవరి 14, సోమవారం

జోసెఫ్ గారు నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారంటే నాకు అదనపు పని పడిందని అర్థం. ఇరవై రెండేళ్లుగా ఈ చర్చి సేవా సంఘంలో ఆయన కింద స్టెనోగా ఉన్నాను, ఈపాటి తెలియదా.

సంగతి ఇది. పోయిన నవంబరులో, సరిహద్దుకు కాస్త అవతల, ఆంధ్రాలో ఒక పల్లెలో హరిజనవాడ మీద పడి తొమ్మిది మందిని నరికేశారు. ప్రభుత్వం పట్టా ఇచ్చిన భూమిని దున్నడానికి పోవడం వాళ్ళు చేసిన తప్పు. చేతి వేళ్ళు తెగిన ఒకావిడను ఇక్కడి ఆసుపత్రికి తెచ్చారట. రేపటి నుంచి ఆమె మా ఇంట్లో ఉండాలి. ఆమె చెప్పేది నేను రాసుకుని ఇంగ్లీషులో టైపు చేయాలి. హాలండులో ఒక సంఘం ఉంది. ఇలాంటి ఊచకోతలు ఏ దేశంలో జరిగినా పుస్తకం వేసి, అక్కడి జనం చేత ప్రభుత్వాలకు ఉత్తరాలు రాయిస్తుంది.

"తెలుగు, ఇంగ్లీషు రెండూ నీ అంత బాగా వచ్చినవాళ్ళు బెంగళూరులో ఎందరున్నారు ప్రమీలా?" అన్నారు.

ఉబ్బేస్తున్నారని తెలుసు. అయినా ఉబ్బాను.

ఫిబ్రవరి 15

వచ్చింది. పేరు అంజినమ్మ. నలభై ఉంటాయేమో. ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు. చాప వేస్తే దాని అంచు మీద కూర్చుంటుంది తప్ప మధ్యలో కూర్చోదు.

ఇంటావిడ నాగమ్మ గారు ఊరుకుంటారా? బావి దగ్గర పట్టుకున్నారు.

"ఎవురమ్మా ఆమె? యా పక్కామె?"

"మా నాన్నగారి వైపు చుట్టం. చెయ్యి మిషన్లో పడింది" అన్నాను.

"చుట్టమైతే సరేలేప్పా. ఎవుర్నంటే వాళ్ళని బావి కాడికి రానిస్తే మా కోడలు గలాటా చేస్తాది. అదీ నాకుండాది బాధ."

నేను అబద్ధాలాడే మనిషిని కాను. ఇది ఆమె మంచికే.

ఫిబ్రవరి 17, గురువారం

ఈరోజు ఆఫీసుకు పోలేదు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి మధ్యాహ్నం రెండింటి దాకా ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. తెలుగుకు షార్ట్‌హ్యాండ్ నాకెవరూ నేర్పలేదు. ఇంగ్లీషు గీతలతోనే తెలుగు మాటలు పట్టుకోవడం నా సొంత పద్ధతి. నేను తప్ప ఎవరూ చదవలేరు, జోసెఫ్ గారు కూడా. అది నాకు కొంచెం గర్వం.

ఏడవలేదు. పప్పులో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్క పేరూ చెప్పుకుంటూ పోయింది.

"తెల్లారింది. మా ఆయన ఎద్దుల్ని ఇడిపిస్తా ఉండె. నలబై మంది వస్తాండారు, గొడ్డండ్లు, ఈటెలు. మావోళ్ళు చేన్లోకి పరిగెత్తిరి. మా ఆయన్ని గట్టు కాడ పడేసిరి. మా పెద్దోడు నాయన మింద అడ్డం పడె. వాన్నీ నరికిరి. నేను చెయ్యి అడ్డం పెడితి. అట్లా పోయినాయి ఏళ్ళు. మొకాలు చూసినా. నలబై మందిలో పదకొండు మందిని పేరు పెట్టి పిలస్తాను. వాళ్ళ ఇండ్లల్లో కసువు ఊడ్సినదాన్ని, తెల్దా నాకు?"

ఇంకో మాట అంది. "నరికేటప్పుడు నీ పేరేమని అడగలేదమ్మా. ఏ దేవునికి మొక్కుతావని గూడా అడగలేదు."

బతికినవాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ ఊళ్ళో బతకాలి కనుక ఒక్కొక్కరే నోరు మూసుకుంటున్నారట. చెప్పేందుకు ఈమె ఒక్కతే మిగిలింది.

చివర్లో పేరు గురించి ఏదో చెప్పింది. అదీ రాసుకున్నాను. చేయి లాగేస్తోంది.

ఫిబ్రవరి 20, ఆదివారం

ఆమెను చర్చికి తీసుకెళ్ళాను, ఒక్కతే ఇంట్లో ఎందుకని. పాటల పుస్తకం ఇస్తే వద్దంది, చదువు రాదు కదా. పాట మొదలయ్యాక చూద్దును కదా, అన్ని చరణాలూ వచ్చు. కళ్ళు మూసుకుని పాడుతోంది.

బయటికొచ్చాక నిలదీశాను. ఎనిమిదేళ్ల కిందట బాప్తిస్మం తీసుకుందట, మొగుడూ పిల్లలతో సహా. అప్పుడు పెట్టిన పేరు సువార్తమ్మ, మొన్న చివర్లో అన్నది ఈ పేరే. చర్చిలో సువార్తమ్మ, రేషను కార్డులో అంజినమ్మ. ఎందుకంటే, క్రైస్తవులమని కాగితం మీద పడితే హరిజనుల లెక్కలోంచి తీసేస్తారు. పట్టా పోతుంది, ఇప్పుడు కూతురికి ఇచ్చిన సర్కారు హాస్టల్లో సీటు పోతుంది. ఊరంతా అంతేనట. "పాస్టరయ్యకి గూడా తెలుసమ్మా" అంది, తప్పేమీ లేనట్టు.

నాకు కోపం వచ్చింది. ఇక్కడ రాసుకోకపోతే ఎక్కడ రాసుకుంటాను. మా నాన్న రైల్వే ఉద్యోగం అప్లికేషన్లో మతం దగ్గర హిందువు అని రాస్తే క్లర్కు అయ్యేవాడు. పక్కింటి అబ్బాయి రాశాడు, అయ్యాడు. నాన్న క్రైస్తవుడని రాశాడు. బతికినన్నాళ్ళూ మిషన్ బడిలో పంతులుగానే ఉండిపోయాడు. రాగి సంకటి తిని పెరిగాం, దేవుణ్ణి దాచుకోలేదు.

సువార్తమ్మ! ఎంత మంచి పేరు.

ఫిబ్రవరి 25

టైపు అయిపోయింది. పద్నాలుగు పేజీలు, ఒక్క తప్పు లేదు. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పిన చోట తగ్గించాను. పేరేమని అడగలేదు, దేవుణ్ణి అడగలేదు అన్న ముక్క కూడా తీసేశాను, విషయానికి సంబంధం లేదు.

సువార్తమ్మ అనే వేశాం. జోసెఫ్ గారు చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "మన సహోదరి అని తెలిస్తే వాళ్ళ మనసు కరుగుతుంది" అన్నారు.

షార్ట్‌హ్యాండ్ పుస్తకం ఇంటికి తెచ్చి ట్రంకు పెట్టెలో, అమ్మ పట్టుచీర కింద పెట్టాను. ఆఫీసులో చెదలు.

మార్చి 9

కట్టు విప్పారు. రెండు వేళ్ళు మిగిలాయి. ఫోటో తీయించాం, ఆ చేయి కనిపించేట్టు. రేపు ఊరికి పోతోంది. ఊళ్ళోకి కాదు, పక్క ఊళ్ళో అక్క దగ్గరికి.

పోయే ముందు ఇల్లంతా ఊడ్చింది. వద్దంటే వినలేదు. "నువ్వు రాసుకున్నావు గదమ్మా, ఇంగ నాకు దిగుల్లేదు" అంది.

జూన్ 22, బుధవారం

ఉత్తరాలు! పోస్ట్‌మ్యాన్ సంచీలోంచి కట్టలు కట్టలుగా తీసి నా బల్ల మీద పోశాడు. హాలండు నుంచి, ఇంగ్లండు నుంచి, ఒకటి కెనడా నుంచి. అన్నీ మా ఆఫీసు చిరునామాకు, సువార్తమ్మ పేరు మీద. ఇవి కాక జిల్లా కలెక్టరుకూ హోం మంత్రికీ వేరే రాస్తున్నారట. ఒక ముసలాయన తోటలో పూసిన పువ్వును నొక్కి ఎండబెట్టి పంపాడు. ఒకావిడ రాసింది: మీరు చెప్పిన ప్రతి మాటా నమ్ముతున్నాను.

మీరు చెప్పిన ప్రతి మాట. అది నా ఇంగ్లీషు. ఎవరికీ చెప్పుకోలేను కానీ ఈరోజు బస్సులో నిలబడి వచ్చినా కాళ్ళు నొప్పి పుట్టలేదు.

జులై 15

పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆమె ఫోటో. కింద పెద్ద అక్షరాల్లో పేరు, ఇంగ్లీషులో, బాప్తిస్మం తీసుకున్న సంవత్సరంతో సహా. సంవత్సరం నేనిచ్చినట్టు గుర్తు లేదు. ఇచ్చి ఉంటాను.

సెప్టెంబరు 8

బాధితుల తరఫున పనిచేస్తున్న లాయరు నాగరాజు గారి ఉత్తరం. కలెక్టరాఫీసుకు వందల ఉత్తరాలు వచ్చాయట, అన్నీ 'మా క్రైస్తవ సహోదరి' అని. వాటితో పాటు పుస్తకమూ. తహసీల్దారు నోటీసు పంపాడు: మీరు క్రైస్తవులని తెలిసింది కనుక పట్టా ఎందుకు రద్దు చేయకూడదో చెప్పండి. కూతుర్ని హాస్టల్ నుంచి పంపేశారు.

జోసెఫ్ గారు, "ఎవరు చెప్పారు ఆ పేరు వేయమని?" అన్నారు.

ఆయనకు తెలియదా! ఆయనే కదా కళ్ళద్దాలు తుడుచుకున్నది.

సెప్టెంబరు 9

ఆమె చెప్పి ఉండాల్సింది. ఆ పేరు వేస్తే ప్రమాదమని స్పష్టంగా చెప్పి ఉంటే నేను వేసేదాన్నే కాదు.

సెప్టెంబరు 11, ఆదివారం

చెప్పలేదు. నాకు బాగా గుర్తు.

డిసెంబరు 24

క్రిస్మస్ కార్డులు రెండు వందల పైన. సువార్తమ్మకు. ఇప్పుడు వీటిని ఊరికి పంపడానికి భయం. పాత ఉత్తరాలతో కలిపి అట్టపెట్టెలో వేసి ఆఫీసు బీరువా పైన పెట్టించాను.

1984 జనవరి 18, బుధవారం

నాగరాజు గారే వచ్చారు, రాత్రంతా బస్సులో కూర్చుని. చిన్నవాడు, ముప్పై ఉంటాయి. నల్లకోటు మోచేతి దగ్గర కుట్టు వేసి ఉంది. కాఫీ ఇస్తే చల్లారేదాకా ముట్టుకోలేదు.

కేసు మొదలైంది. మిగిలిన సాక్షులందరూ మేం చూడలేదని చెప్పేశారు. అంజినమ్మ ఒక్కతే బోనెక్కింది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"మొదట పేరడిగినారు మేడమ్. అంజినమ్మ అనింది. మతమేమంటే హిందువు అనింది. పాపం, పట్టా పోతాదనే భయం. అప్పుడు ముద్దాయిల లాయరు ఆ పుస్తకం తీసి ఎత్తి చూపించినాడు. ఈ ఫోటో ఎవురిది? ఈ చెయ్యి ఎవురిది? సువార్తమ్మ ఎవురు? దేవుని మింద ప్రమాణం చేసి మొదటి మాటే అబద్ధం చెప్పినదానివి, పదకొండు పేర్లు నిజం చెప్తావా అని. ఆమె నిలబడిపోయింది. ఆ తర్వాత ఏమడిగినా ఒకటే మాట, నేను చూసినా సామీ, నేను చూసినా అని."

హత్య హత్యేనట, చచ్చినవాళ్ళ మతం ఏదైనా. కానీ చూసిన మనిషి ఒక్కతే కనుక ఆమె అబద్ధాలకోరని తేలితే కేసే లేదు.

నన్ను రమ్మంటున్నారు, సాక్షిగా. "మీరు అబద్ధమేమీ చెప్పొద్దు మేడమ్. ఆమె మీకు రెండు పేర్లూ దాచకుండా చెప్పింది కదా, ఎందుకు రెండున్నాయో గూడా చెప్పింది కదా. అదే వచ్చి చెప్పండి. జరిగిన మూడు నెలలకే ఆ పదకొండు పేర్లూ మీకు చెప్పింది. ఆ షార్ట్‌హ్యాండ్ పుస్తకం తెచ్చి జడ్జి గారి ముందర చదవండి. అది మీరు తప్ప ఎవురూ చదవలేరంట. ఈమె అబద్ధాలకోరు కాదు, భయపడిన మనిషి అని చెప్పడానికి మీరొక్కరే ఉండారు."

వస్తానన్నాను. ఫిబ్రవరి 6న వాయిదా.

జనవరి 19

షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీసి చదివాను. చివరి పేజీ కూడా.

జనవరి 20

జోసెఫ్ గారితో మాట్లాడాను. ఆయన అన్నది ఇది: "కోర్టులో మన పుస్తకం గురించి అడుగుతారు. సాక్షి చెప్పింది ఒకటి, మనం వేసింది ఒకటి అని బయటపడితే హాలండు వాళ్ళు ఇంక మనల్ని నమ్మరు. రేపు ఇంకో ఊళ్ళో జరిగితే ఆ ఆడవాళ్ళ గోడు ఎవరు వింటారు? ఒక్కరి గురించే ఆలోచించకు. అయినా నీ ఇష్టం."

నీ ఇష్టం అని ఆయన అన్నారంటే నా ఇష్టం కాదని అర్థం. ఆయన చెప్పిందాంట్లో నిజం ఉంది. చాలా ఉంది.

జనవరి 27

బైబిలు మీద చేయి వేసి ప్రమాణం చేయిస్తారు. ఏదైనా అబద్ధం దొర్లితే? నాన్న కూతురిని. నాన్న ఒక్క అక్షరం కూడా అబద్ధం రాయలేదు.

ఫిబ్రవరి 2

నాగరాజు గారికి ఉత్తరం రాశాను. ఆఫీసు శుభ్రం చేసినప్పుడు షార్ట్‌హ్యాండ్ పుస్తకం ఎక్కడో పోయింది, ఎంత వెతికినా కనపడలేదు అని. అది లేకుండా నేను వచ్చి ప్రయోజనమేముంది.

ఫిబ్రవరి 4, శనివారం

టెలిగ్రాం. పుస్తకం లేకపోయినా రండి.

ఫిబ్రవరి 5

జ్వరం.

ఫిబ్రవరి 6

జ్వరం.

ఫిబ్రవరి 7

నాగమ్మ గారు మిరియాల కషాయం తెచ్చి, నుదుటి మీద చేయి పెట్టి చూశారు. "జ్వరమేడుండాదమ్మా, వొళ్ళు సల్లగా ఉంటే!" అన్నారు. లోపలి జ్వరం అన్నాను.

మార్చి 12

హాలండు నుంచి జోసెఫ్ గారికి ఉత్తరం. పుస్తకం రెండోసారి అచ్చు వేస్తున్నారట. భాష గొప్పగా ఉందని మెచ్చుకున్నారు. ఆయన అందరి ముందూ చదివి వినిపించారు. నేను స్టెన్సిల్ కాగితం మీద టైపు చేస్తూ ఉండిపోయాను.

ఏప్రిల్ 17, మంగళవారం

పదకొండు మందినీ వదిలేశారు.

తీర్పు నకలు పంపారు నాగరాజు గారు, ఉత్తరం ఏమీ లేకుండా. ఒక చోట ఎర్ర సిరాతో గీత గీశారు. ఏకైక ప్రత్యక్ష సాక్షి తన పేరు, మతం విషయంలోనే కోర్టుకు నిజం చెప్పలేదు కనుక, ఆమె మాటను బలపరిచే ఆధారం మరేదీ లేదు కనుక.

మరేదీ లేదు కనుక. టైపు కొంచెం వంకరగా ఉంది. టైపిస్టు ఎవరో రిబ్బను మార్చుకోవాలి.

ఏప్రిల్ 20, శుభ శుక్రవారం

చర్చికి పోలేదు.

మే 26, శనివారం

ఇది రాయడానికి కూర్చుని గంటయింది.

మధ్యాహ్నం మూడింటికి తలుపు కొట్టారు. అంజినమ్మ. ఇంకా చిక్కింది. అక్క వాళ్ళు కూడా ఇంక ఉండొద్దన్నారట. దొడ్డబళ్ళాపురంలో మగ్గాల దగ్గర దారం చుట్టే పని ఉందని ఎవరో చెబితే కూతుర్ని తీసుకుని వచ్చేసింది. "రెండేళ్ళతో దారం సుట్టొచ్చునా అని సూస్తాండారు" అంది. రెండు వేళ్ళ చేయి ఎత్తి చూపించింది.

చాప వేశాను. అంచు మీద కూర్చుంది.

కాఫీ తాగాక, "నా పేరు మింద జాబులొచ్చినాయంట గదా. సదివి ఇనిపిస్తావేమోనని వస్తిని" అంది.

నేను లేచి, ముందు ట్రంకు పెట్టె తెరిచాను. ఎందుకు తెరిచానో నాకే తెలియదు. అమ్మ చీర తీసి కింద నుంచి షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీశాను. ఆమె ఎదురుగా కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను, ఆమె మాటల్లోనే. తెల్లారింది, మా ఆయన ఎద్దుల్ని ఇడిపిస్తా ఉండె. పదకొండు పేర్లూ చదివాను. ఒక్కో పేరుకూ తలూపింది.

"అదే చెప్పినా నేను. కోర్టులో గూడా అదే చెప్పినా."

చివరి పేజీ కూడా చదివాను. ఇన్నాళ్ళూ ఈ డైరీలో రాయనిది ఇప్పుడు రాస్తాను: "కాయితంలో అంజినమ్మ అని రాయమ్మా. సువార్తమ్మ అనొద్దు. ఆ పేరు దేవునికి తెలుసు, సర్కారుకి తెలీగూడదు. నా బిడ్డ హాస్టల్లో ఉండాది. నీకు దండం పెడతా." నాకు దండం పెట్టింది, కట్టు ఉన్న చేత్తో. ఏదో చెప్పిందని రాశాను ఆరోజు. జోసెఫ్ గారు ఆ పేరు వేయమనలేదు. నేనే వేశాను. నాన్న దాచుకోనిది ఈమె ఎందుకు దాచుకోవాలని కసితో వేశాను. సంవత్సరం కూడా నేనే ఇచ్చాను. జ్వరం రాలేదు.

ఆమె చాలాసేపు ఆ గీతల్ని చూసింది. గట్టి వేలితో ఒక గీతను తడిమింది.

"ఈ బుక్కు యాడుండె అమ్మా ఇన్నినాళ్ళు?"

"పెట్టెలో" అన్నాను.

తిట్టి ఉంటే బాగుండేది. ముఖం మీద ఉమ్మి ఉంటే తుడుచుకునేదాన్ని. గోడ వైపు చూస్తూ కూర్చుంది. బయట నాగమ్మ గారు కోడలితో నీళ్ళ కోసం అరుస్తున్నారు.

తర్వాత ఆమే, "జాబులు సదువు" అంది.

అట్టపెట్టె పోయిన నెలలోనే ఇంటికి తెచ్చుకున్నాను. దించాను. ఒక్కొక్కటే విప్పి తెలుగులో చెప్పాను. పువ్వు పంపిన ముసలాయన. ఒక బడిపిల్లలు నలభై మంది కలిసి గీసిన బొమ్మ, అందులో ఆమె చేతికి అయిదు వేళ్ళూ గీశారు. యుద్ధంలో తన వాళ్ళందరినీ పోగొట్టుకున్న ఒక యూదు స్త్రీ నాలుగు పేజీలు రాసింది: నేను చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు, మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. ప్రతి ఉత్తరంలోనూ ఆ మాటే. నమ్ముతున్నాం, నమ్ముతున్నాం. నా గొంతు పోయింది. ఆమె ఆపమనలేదు.

ఎండ గుమ్మం దాటాక అడిగింది. "ఎందరుంటారమ్మా వీళ్ళు?"

"ఏడెనిమిది వందలు."

ఒళ్ళో ఉన్న ఉత్తరాలను మంచి చేత్తో సర్దింది, అంచులు కలిసేట్టు.

"ఇంతమంది నమ్మినారు" అంది. "ఆ జడ్జి దొర ఒక్కడు నమ్మింటే సాలు గదమ్మా."

ఇంకోటి చదవమంది. చదివాను.